మోటారు సైకిలు పక్క సంచులు, వెనుక ఆసరా: ఇంటి వద్ద విప్పి తీసే పద్ధతి

విషయ పరిచయం

మోటారు సైకిలుకు ఇరువైపులా వేలాడే సంచులను, వెనుక కూర్చున్నవారి వీపు ఆనడానికి అమర్చే ఆసరాను (బ్యాక్‌రెస్టును) ఇంటి దగ్గరే విప్పి తీయడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుంటారు. బల భ్రామకం (టార్క్), ఘర్షణ, గరిమనాభి అనే భావనలను మీరు ఇంతకుముందే చదివారు. వాటిని ఇక్కడ ఒక పనిలో పెట్టి చూద్దాం. నాలుగు బోల్టులు విప్పితే ఊడి వచ్చేదానికి పాఠం ఎందుకని మీకు అనిపించవచ్చు. విప్పడం నిజంగానే తేలిక. కష్టమంతా విప్పిన తరువాత ఖాళీ అయిన బోల్టు రంధ్రాల్లో తిరిగి ఏమి బిగించాలన్న దగ్గరే ఉంది. ఈ పనిలో జరిగే ప్రమాదాలకు మూలం అక్కడే.

కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని జైనూర్ మండలాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఇది ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఉట్నూరు నుంచి జైనూర్ మీదుగా ఆసిఫాబాద్ వెళ్లే దారిలో కెరమెరి ఘాట్ ఎక్కి దిగాలి. రోడ్డు పక్కన లేని గూడేలకు, తండాలకు రాకపోకలు ఎక్కువగా మోటారు సైకిళ్ల మీదనే సాగుతాయి. బడికి వెళ్లే ఉపాధ్యాయుల పుస్తకాలు, ఆరోగ్య కార్యకర్తల మందుల పెట్టె, ఊరూరా తిరిగి చీరలు అమ్మేవారి మూటలు, సంతలో కొన్న సరుకులు, అన్నీ బండి మీదే వస్తాయి. అందువల్ల పక్క సంచులు ఇక్కడ అలంకారం కోసం పెట్టినవి కావు. వెనుక ఆసరా కొన్ని బండ్లకు కంపెనీ నుంచే వస్తుంది, ఉదాహరణకు అవెంజర్ క్రూజ్. బుల్లెట్ వంటి వాటికి విడిగా కొని బిగించుకుంటారు.

మరి తీసేయడం ఎందుకు? సంచి చిరిగి ఉండవచ్చు. బండి అమ్మబోతూ ఉండవచ్చు. చాలా ఇళ్లలో అసలు కారణం వేరే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు బండి ఎక్కలేకపోతారు. ఒక పక్కకు కూర్చునే అమ్మకు వెనుక ఆసరా వీపుకు అందదు, భుజానికి గుచ్చుకుంటుంది. సంచి ఫుట్‌రెస్టుకు అడ్డం వచ్చి కాలు పెట్టుకోవడానికి చోటుండదు. కేస్లాపూర్ నాగోబా జాతరకు అమ్మను తీసుకువెళ్లాలంటే ముందు ఈ రెండూ తీయక తప్పదు. తీసిన మరునాడు వెనుక కూర్చునేది ఎవరన్నది మనసులో పెట్టుకుని ఈ పాఠం చదవండి.

ఏ బోల్టు దేనిని పట్టి ఉంచుతోంది?

బండి తయారైనప్పుడు పక్క సంచుల కోసం ప్రత్యేకంగా రంధ్రాలు పెట్టరు. అందువల్ల సంచుల ఫ్రేమును బిగించే మెకానిక్ అప్పటికే ఉన్న బోల్టులనే వాడుకుంటాడు. చాలా బండ్లలో ఫ్రేము పై కాలును వెనుక షాకబ్జర్ పై బోల్టుకో, చేతిపట్టు (గ్రాబ్ రైలు) బోల్టుకో తగిలిస్తారు. కింది కాలును వెనుక ఫుట్‌రెస్టు బోల్టుకు బిగిస్తారు. వెనుక ఆసరా చాలావరకు చేతిపట్టు తీసేసి ఆ స్థానంలోనే కూర్చుంటుంది.

అంటే మీరు సంచి విప్పుతున్నానని అనుకుంటూ షాకబ్జర్ విప్పుతూ ఉండవచ్చు. ఆసరా తీస్తున్నానని అనుకుంటూ వెనుక మనిషికి మిగిలిన ఏకైక పట్టును తీస్తూ ఉండవచ్చు. స్పానరు పట్టుకునే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి, కూర్చుని, ప్రతి బోల్టును వేలితో తాకి, ఇది సంచిని మాత్రమే పట్టి ఉందా, ఇంకేదైనా దీని మీద ఆధారపడి ఉందా అని చూడండి. పక్క వెలుతురులో మొబైల్‌తో నాలుగు ఫొటోలు తీసి పెట్టుకోండి. కాగితం మీద బొమ్మ గీసుకుంటే ఇంకా మంచిది. చేత్తో గీసినప్పుడు, ఫొటోలో కంటపడని వాషరు కూడా గుర్తుండిపోతుంది.

బోల్టు రెండు వస్తువులను ఎలా పట్టి ఉంచుతుందో ఇక్కడ స్పష్టం చేసుకోవాలి. అది మేకు వంటిది కాదు. నట్టు బిగించినప్పుడు బోల్టు అతి స్వల్పంగా సాగుతుంది. సాగిన బోల్టు తిరిగి తన పొడవుకు రావాలని చూస్తూ, మధ్యలో ఉన్న రేకులను ఒకదానికొకటి అదిమి పెడుతుంది. ఆ అదుముడు వల్ల పుట్టే ఘర్షణే అసలు పట్టు. బోల్టు సాగకపోతే పట్టు లేదు, అది బయటికి ఎంత బిగువుగా కనిపించినా సరే.

సంచుల ఫ్రేము బిగించేటప్పుడు దాని రేకు మందం, మధ్యలో పెట్టిన పైపు ముక్క (స్పేసరు) పొడవు కలిసి వస్తాయి గనుక మెకానిక్ పొడవైన బోల్టు వేస్తాడు. మీరు ఫ్రేము తీసేసి అదే పొడవు బోల్టును తిరిగి వేస్తే ఏమవుతుంది? అవతలివైపు మూసి ఉన్న మర రంధ్రమైతే బోల్టు కొన లోపలి గోడకు తగిలి ఆగుతుంది. స్పానరుకు గట్టిగా తగులుతుంది, చాలా బిగిసిందని అనిపిస్తుంది. కాని బోల్టు తల కింద రేకు వదులుగానే ఉంటుంది. టోపీ నట్టు వాడిన చోట కూడా ఇంతే, బోల్టు కొన టోపీ లోపలి కప్పుకు తగిలి ఆగిపోతుంది. అవతలివైపు తెరిచి ఉన్న రంధ్రమైతే అదనపు పొడవు లోపలికి పొడుచుకువచ్చి టైరుకో, గొలుసుకో, వైర్లకో రాసుకుంటుంది. ఈ పాఠంలో ఒక్క పేరా మాత్రమే గుర్తుంచుకునే తీరిక మీకుంటే ఈ పేరాను గుర్తుంచుకోండి.

ఆసరా మీద ఎంత బలం పడుతుంది?

ఒక లెక్క చేద్దాం. వెనుక కూర్చున్న వ్యక్తి ద్రవ్యరాశి 60 కిలోలు. బండి 10 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎక్కే వాలు మీద ఉంది. బరువులో వెనక్కి లాగే భాగం 60 × 9.8 × 0.1, అంటే సుమారు 60 న్యూటన్లు. నడిపే వ్యక్తి సెకనుకు సెకనుకు 2 మీటర్ల త్వరణం ఇచ్చాడనుకుంటే దానికి మరో 120 న్యూటన్లు కలుస్తాయి. మొత్తం 180 న్యూటన్లు. సీటు ఘర్షణ, తొడల పట్టు దీనిలో కొంత మోస్తాయి. లెక్క సులువు కోసం అంతా ఆసరాయే మోసిందనుకుందాం.

ఆసరా మెత్త, కింది బోల్టులకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే బల భ్రామకం 180 × 0.30 = 54 న్యూటన్-మీటర్లు. ముందు బోల్టుకు, వెనుక బోల్టుకు మధ్య దూరం 12 సెంటీమీటర్లు అయితే ఆ జత మీద పడే బలం 54 ÷ 0.12 = 450 న్యూటన్లు. కుడి ఎడమలకు పంచితే ఒక్కో బోల్టు మీద 225 న్యూటన్లు. అంటే సుమారు 23 కిలోల బరువును ఒక్కో బోల్టుకు వేలాడదీసినట్లు. ఇది గుంతలు లేని రోడ్డు మీద లెక్క. గుంతలో చక్రం పడ్డప్పుడు క్షణకాలం ఇది ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఈ లెక్క నుంచి మనకు పనికివచ్చే విషయాలు రెండున్నాయి. మొదటిది, ఆసరాను పట్టి ఉంచిన బోల్టులు ఊరికే కూర్చుని లేవు, కొన్నేళ్లుగా రోజూ లాగబడుతూ వచ్చాయి. విప్పిన తరువాత వాటిని పరీక్షించకుండా మళ్లీ వాడకూడదు. రెండవది ఇంకా ముఖ్యం. ఆసరా పోయినంత మాత్రాన ఆ 180 న్యూటన్లు పోవు. నిన్నటి వరకు ఆసరా మోసిన దాన్ని రేపటి నుంచి వెనుక మనిషి చేతులు మోయాలి. సుమారు 18 కిలోల బకెట్టును లాగి పట్టుకున్నంత పని. పట్టుకోవడానికి అక్కడ ఏదో ఒకటి ఉండి తీరాలి.

మీ అవగాహనను సరిచూసుకోండి

పైన చెప్పిన ఉదాహరణలో ఆసరా మెత్త ఎత్తు 30 బదులు 40 సెంటీమీటర్లయితే ఒక్కో బోల్టు మీద బలం ఎంత? మూసి ఉన్న మర రంధ్రంలో పొడవైన బోల్టు బిగిసినట్లు ఎందుకు అనిపిస్తుంది? (మొదటిదానికి జవాబు 300 న్యూటన్లు. రెండవదానికి మీ సొంత మాటల్లో మూడు వాక్యాలు రాయండి.)

పనిముట్లు, చోటు

చదునైన గట్టి నేల కావాలి. జైనూర్ ప్రాంతంలో నల్లరేగడి ఎక్కువ. వాన పడిన తరువాత దాని మీద సెంటర్ స్టాండు వేస్తే ఒక కాలు దిగబడి బండి ఒరుగుతుంది. అరుగు ముందు గచ్చు ఉంటే అక్కడ పెట్టండి, లేదా స్టాండు కింద వెడల్పాటి చెక్క వేయండి. సెంటర్ స్టాండు లేని బండిని సైడ్ స్టాండు మీద, మొదటి గేరులో ఉంచి, రెండో మనిషి చేత పట్టించుకోండి. ఇంజను ఆపి అరగంట అయినా చల్లారనివ్వండి. సైలెన్సరు పక్కన పనిచేసేటప్పుడు మోచేయి ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు.

స్పానర్లలో 10, 12, 13, 14 అంకెలవి తరచుగా అవసరమవుతాయి. ఆ అంకె బోల్టు తల వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతుంది, బోల్టు మందాన్ని కాదు. 6 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 10 అంకె స్పానరు, 8 మిల్లీమీటర్ల బోల్టుకు 12 లేదా 13 పడుతుంది. కొన్ని ఆసరాలకు ఎల్ కీ (అలెన్ కీ) కావాలి. రింగు స్పానరు లేదా బాక్సు స్పానరు వాడండి. రెండు పెదవుల స్పానరు బోల్టు తలను రెండు ముఖాల మీదే పట్టుకుంటుంది కనుక తుప్పు పట్టిన తలను గుండ్రంగా అరగదీస్తుంది. ఇవి కాక వైరు బ్రష్షు, తుప్పు వదిలించే నూనె, చిన్న సుత్తి, పాత గుడ్డ, బోల్టులు వేయడానికి ఇనుప పళ్లెం ఉంటే చాలు. నేనైతే అట్టముక్క మీద బండి వెనుక భాగం బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో ఆ చోటనే గుచ్చి పెట్టమంటాను.

సంచులు తీయడం

ముందుగా రెండు సంచులూ పూర్తిగా ఖాళీ చేయండి. ఆ తరువాత రెండింటినీ వెంటవెంటనే తీయాలి. ఒక పక్కది తీసి, రెండోది రేపు చూద్దామని బండి బయటికి తీయకూడదు.

దీనికి కారణం మన పెద్దలకు బాగా తెలుసు. ఎద్దు వీపు మీద అటూ ఇటూ వేలాడే జోడు సంచిని పెరిక అంటారు. లంబాడీల పూర్వీకులు ఎడ్ల మందల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కన్ అంతా తిరిగారు. దించేటప్పుడు ఒక పక్కనే దించితే రెండో పక్క బరువుకు పెరిక జారి ఎద్దు కాళ్ల కింద పడుతుంది. మోటారు సైకిలు ఎద్దు కాదు గనుక సంచి జారిపడదు, కాని గరిమనాభి జరుగుతుంది. బండి, మనిషి కలిసి 180 కిలోలు, ఒక పక్క సంచి 8 కిలోలు, అది మధ్య గీతకు 30 సెంటీమీటర్ల దూరాన ఉందనుకోండి. మొత్తం గరిమనాభి ఆ పక్కకు 8 × 30 ÷ 188, అంటే సుమారు 1.3 సెంటీమీటర్లు జరుగుతుంది. నడిపే వ్యక్తి తెలియకుండానే బండిని రెండో పక్కకు ఒక డిగ్రీకి పైగా వంచి నడుపుతాడు. పొడి రోడ్డు మీద ఇది లెక్కలోకి రాదు. ఘాట్ మలుపులో, కంకర మీద వస్తుంది.

పట్టీలతో సీటు మీదుగా వేసే సంచులైతే సీటు విప్పి పట్టీలు వదులు చేస్తే సరిపోతుంది. పట్టీ కింద రంగు మీద ఇసుక చేరి ఉంటుంది. లాగకుండా ఎత్తి తీయండి, లాగితే గీతలు పడతాయి. ఫ్రేము మీద బిగించిన సంచులైతే ముందు సంచిని ఫ్రేము నుంచి విడదీసి, తరువాత ఫ్రేమును బండి నుంచి విడదీయాలి. సంచి లోపలివైపు వెడల్పాటి వాషర్లతో నాలుగైదు బోల్టులుంటాయి. అవి బయటి నుంచి కనిపించవు, చేత్తో తడిమి చూడాలి. ప్లాస్టిక్ క్లిప్పులున్న పెట్టెలను చలికాలం తెల్లవారుజామున విప్పవద్దు. మన ఏజెన్సీ చలికి ప్లాస్టిక్ పెళుసెక్కి పుటుక్కున విరుగుతుంది. ఎండ పొడ తగిలాక చేయండి.

ఫ్రేము పై కాలు షాకబ్జర్ బోల్టుకు ఉంటే ఒక నియమం తప్పకుండా పాటించాలి. ఒకసారి ఒక పక్క మాత్రమే విప్పండి. ఫ్రేము కాలు బయటికి తీసి, సరైన పొడవు బోల్టు లేదా నట్టు వేసి బిగించిన తరువాతే రెండో పక్క ముట్టుకోండి. రెండు పక్కలా ఒకేసారి విప్పితే వెనుక చక్రాన్ని బండికి కలిపి ఉంచే పై ఆధారం ఉండదు, స్టాండు మీద ఉన్నా బండి వెనుక భాగం ఒక్కసారిగా కుంగవచ్చు. పైన నేను రెండు సంచులూ వెంటవెంటనే తీయమన్నది, ఇక్కడ ఒక్కో పక్కే విప్పమన్నది పరస్పర విరుద్ధం కావు. సంచులు రెండూ దించండి, ఫ్రేము బోల్టులు మాత్రం ఒక్కో పక్కా ముగించుకుంటూ రండి.

చాలాచోట్ల సంచులు బిగించేటప్పుడు వెనుక ఇండికేటర్లను పక్కకు జరిపి వైరు అతుకుతారు. ఫ్రేమును లాగే ముందు ఆ వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో చూడండి. వైరు విప్పాల్సి వస్తే బ్యాటరీ నెగటివ్ తీగ ముందుగా తీయండి. పని ముగిశాక ఒక పక్క ఇండికేటరు మామూలుకంటే వేగంగా కొట్టుకుంటే ఆ పక్క బల్బుకో, అతుకుకో కరెంటు అందడం లేదని అర్థం.

తుప్పు పట్టిన బోల్టు

ఆదిలాబాద్ ప్రాంతపు వానలకు, మడ్‌గార్డు లోపలివైపు అంటుకుని నెలల తరబడి తడిగా ఉండే మట్టికి బోల్టులు తుప్పు పట్టడం మామూలే. అల్యూమినియం చేతిపట్టులోకి ఉక్కు బోల్టు దిగి ఉంటే అది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. రెండు వేర్వేరు లోహాలు తడిలో కలిసినప్పుడు జరిగే విద్యుత్ రసాయన చర్య దీనికి కారణం.

ఇటువంటి బోల్టు మీద బలం చూపించవద్దు. వైరు బ్రష్షుతో మరలు శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె చుక్కలుగా వేసి, రాత్రంతా వదిలేయండి. నూనె వెనుక టైరు మీద, బ్రేకు డ్రమ్ము లేదా డిస్కు మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి. బ్రేకు మీద పడిన ఒక్క చుక్క, మీరు ఇంతసేపూ తీసుకున్న జాగ్రత్తనంతా వృథా చేస్తుంది. మరునాడు బోల్టు తల మీద సుత్తితో చిన్నగా నాలుగు దెబ్బలు వేసి, ముందు బిగించే దిశలో ఒక పిసరు తిప్పి చూడండి. తుప్పు పొర అక్కడ విరుగుతుంది. అప్పుడు విప్పే దిశలో, బోల్టు తలవైపు నుంచి చూసినప్పుడు గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిప్పండి. పావు చుట్టు వదులు, కొంచెం బిగింపు, మళ్లీ వదులు, ఇలా వస్తుంది. మంటతో వేడి చేసే పద్ధతిని పెట్రోలు ట్యాంకు ఉన్న బండి మీద ఇంట్లో ప్రయత్నించకూడదు. బోల్టు తల విరిగిపోతే అక్కడితో ఆపి లేత్ షాపుకు తీసుకుపోండి. విరిగిన ముక్కను డ్రిల్లుతో తీయడం ఇంటి పని కాదు.

వెనుక ఆసరా తీయడం

ఆసరా అమరికలు ముఖ్యంగా రెండు రకాలు. చేతిపట్టు పైపును క్లాంపుతో పట్టుకునేది మొదటి రకం. దీన్ని తీయడానికి క్లాంపు బోల్టులు విప్పితే చాలు, చేతిపట్టు అలాగే ఉంటుంది. పైపు మీద క్లాంపు కింద రంగు లేచిపోయి తుప్పు ఉంటే గీకి రంగు పూయండి.

రెండవ రకం చేతిపట్టు స్థానంలోనే బిగించేది. దీనికి ముందు సీటు తీయాలి. కొన్ని బండ్లకు తాళంతో, కొన్నింటికి సీటు కింద రెండు బోల్టులతో వస్తుంది. సీటు కింద ఫ్రేముకు రెండు పక్కలా రెండేసి బోల్టులు కనిపిస్తాయి. నాలుగింటినీ ముందుగా అర చుట్టు చొప్పున వదులు చేసి, ఆ తరువాత వెనుకవి రెండు, చివరగా ముందువి రెండు పూర్తిగా తీయండి. ఒక బోల్టును మొత్తంగా ముందే తీసేస్తే ఆసరా బరువు మిగిలిన వాటి మీద ఒరిగి మరలు కొరికేస్తాయి. ఆఖరి బోల్టు వచ్చేటప్పుడు ఆసరాను ఒక చేత్తో పట్టుకుని ఉండండి, లేకపోతే అది నేరుగా వెనుక లైటు మీద పడుతుంది.

విప్పిన బోల్టులను కడిగి, వెలుతురులో పరీక్షించండి. గాజు పలక మీద దొర్లిస్తే వంగిన బోల్టు తూలుతుంది. నడుము దగ్గర సన్నబడినా, మరల వరుసలో ఒకచోట చుట్ల మధ్య దూరం ఎక్కువగా కనిపించినా ఆ బోల్టు శాశ్వతంగా సాగిపోయిందని అర్థం. దాన్ని పారేయండి.

ఖాళీ అయిన చోట ఏమి పెట్టాలి?

ముందుగా పొడవు. పాత బోల్టు దాచి ఉంటే సమస్య లేదు, కాని చాలామంది ఇళ్లలో ఉండదు. అప్పుడు లెక్క వేయాలి. ఇప్పుడున్న బోల్టు పొడవు 55 మిల్లీమీటర్లు, తీసేసిన ఫ్రేము రేకు 5 మిల్లీమీటర్లు, స్పేసరు 15 మిల్లీమీటర్లు అయితే కొత్త బోల్టు 55 - 20 = 35 మిల్లీమీటర్లు ఉండాలి. ఇది పాత మెకానిక్ సరైన పొడవే వేశాడన్న నమ్మకం మీద చేసిన లెక్క. అందుకే సరిచూసుకోవాలి. నట్టు బిగించాక దాని అవతల రెండు మూడు మర చుట్లు కనిపించాలి. ఉక్కు మర రంధ్రమైతే బోల్టు కనీసం తన మందమంత లోతు, అల్యూమినియం అయితే మందానికి ఒకటిన్నర రెట్లు దిగాలి. మూసి ఉన్న రంధ్రమైతే సన్నని పుల్ల పెట్టి లోతు కొలుచుకోండి.

పొడవు ఒక్కటే సరిపోదు, మందం, మర దూరం కూడా పాతదానితో సరిపోలాలి. కొత్త బోల్టును ముందు చేతివేళ్లతోనే నాలుగు చుట్లు తిప్పండి, అంతవరకు సాఫీగా పోకపోతే మర కలవలేదన్నమాట. బలమైన బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉంటుంది. తలుపు బోల్టులు అమ్మే దుకాణంలో దొరికే అంకె లేని మెత్తని బోల్టును షాకబ్జర్‌కు గాని, చేతిపట్టుకు గాని వేయవద్దు. చూడటానికి రెండూ ఒకేలా మెరుస్తాయి.

ఇక బిగింపు. మీ బండి కరదీపికలో ఆ బోల్టుకు టార్క్ విలువ ఇచ్చి ఉంటే దాన్నే పాటించాలి. 8.8 రకం బోల్టులకు స్థూలంగా 6 మిల్లీమీటర్లదానికి 10 న్యూటన్-మీటర్లు, 8 మిల్లీమీటర్లదానికి 25 న్యూటన్-మీటర్లు అని ఒక అవగాహన ఉంచుకోండి. టార్క్ రెంచి ఇంట్లో ఉండదు. సంతలో తూకానికి వాడే కొక్కెం స్ప్రింగు త్రాసుతో ఈ పని చక్కగా జరుగుతుంది. స్పానరు మీద, బోల్టు మధ్య నుంచి 20 సెంటీమీటర్ల దూరాన కొక్కెం తగిలించి, స్పానరుకు లంబంగా లాగండి. 25 న్యూటన్-మీటర్లకు కావలసిన బలం 25 ÷ 0.20 = 125 న్యూటన్లు, అంటే త్రాసు మీద 12.7 కిలోలు. లంబంగా లాగడం తప్పనిసరి, ఏటవాలుగా లాగితే త్రాసు చూపినంత టార్క్ బోల్టుకు చేరదు. విద్యార్థులు దీన్ని ఒకసారి చేసి చూస్తే, మన చేతి అంచనా 6 మిల్లీమీటర్ల బోల్టును ఎంత సులువుగా అతిగా బిగిస్తుందో అర్థమవుతుంది.

తరువాత, ఆసరా స్థానంలో చేతిపట్టును తప్పనిసరిగా తిరిగి బిగించాలి. ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 123వ నియమం ప్రకారం మోటారు సైకిలుకు నడిపేవారి సీటు పక్కన గాని వెనుక గాని శాశ్వతమైన చేతిపట్టు, వెనుక కూర్చునేవారికి పాదాలు ఆనించే ఫుట్‌రెస్టు, వారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనుక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ ఉండాలి. ఈ మూడో దాన్నే మనం శారీ గార్డు అంటాం. సంచి బిగించేటప్పుడు చాలామంది మెకానిక్‌లు దీన్ని విప్పి మూలన పడేస్తారు, సంచి ఉన్నన్నాళ్లు ఆ సంచే చీర కొంగును చక్రానికి దూరంగా ఆపుతుంది. సంచి తీసిన క్షణం నుంచి చక్రం పళ్లాలు బయటపడి ఉంటాయి. చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకుంటే మనిషి వెనక్కి లాగబడి పడిపోతుంది, నడిపేవారికి ఆ సంగతి తెలిసేసరికే ఆలస్యమవుతుంది. శారీ గార్డు, చేతిపట్టు దొరికే దాకా సంచులు, ఆసరా తీయకుండా ఆగడమే మంచిది. ఈ రెండింటికీ అయ్యే ఖర్చు ఎక్కువేమీ కాదు.

సీటును తిరిగి పెట్టాక దాన్ని పైకి లాగి చూడండి. వెనుక మనిషి గట్టిగా బిగించిన సీటు మీదే కూర్చోవాలని 1988 మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను కూడా చెబుతుంది. సంచుల కోసం పక్క ప్లాస్టిక్ రేకులకు రంధ్రాలు పెట్టి ఉంటే వాటిని రబ్బరు బిరడాలతో మూయండి, లేకపోతే వాననీరు వైర్ల కట్ట మీదికి చేరుతుంది. తోలు సంచిని నీడలో ఆరబెట్టి, లోపల పాత కాగితాలు కుక్కి దాచుకోవచ్చు.

బరువు తగ్గిన బండి

సంచుల బరువు కోసం షాకబ్జర్ల బిగువును మెట్టు పెంచి ఉంటే, దాన్ని ఇప్పుడు రెండు పక్కలా ఒకే మెట్టుకు దించాలి. ఒక పక్క మూడో మెట్టు, రెండో పక్క రెండో మెట్టు ఉంటే బండి గుంతలో పక్కకు తన్నుతుంది. టైరు గాలిని కూడా ఒక్కరు, ఇద్దరు ఉన్నప్పటికి కంపెనీ ఇచ్చిన విలువలకు సరిచేయండి. వెనుక బరువు తగ్గడం వల్ల హెడ్‌లైటు వెలుగు కాస్త కిందికి వస్తుంది. రాత్రి గోడ ముందు నిలిపి చూసుకోండి.

మొదటిసారి వెనుక మనిషిని ఎక్కించుకునే ముందు బండి నిలిపి ఉండగానే చేతిపట్టు ఎక్కడుందో ఆమె చేతికి చూపించండి. వెనుక ఆసరాకు అలవాటు పడినవారు బండి కదిలినప్పుడు అలవాటుగా వెనక్కే ఒరుగుతారు, అక్కడ ఇప్పుడు గాలి తప్ప ఏమీ ఉండదు. ఒక పక్కకు కూర్చునే పెద్దవాళ్ల చేయి ఏ వైపుకు అందుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది. మొదటి రెండు కిలోమీటర్లు మెల్లగా, క్లచ్ ఒక్కసారిగా వదలకుండా నడపండి.

కొత్తగా బిగించిన బోల్టు కింద రంగు పొర, వాషరు అంచు మొదటి రోజుల్లో కొంత అణుగుతాయి, ఆ మేరకు బోల్టు సాగుడు తగ్గి బిగువు సడలుతుంది. అందుకని సుమారు 50 కిలోమీటర్లు తిరిగాక ప్రతి బోల్టునూ అదే స్ప్రింగు త్రాసుతో మళ్లీ చూడాలి. అప్పుడు గోళ్ల రంగుతో నట్టు మీద నుంచి పక్క రేకు మీదికి ఒక సన్నని గీత గీయండి. ఆ తరువాత వారానికోసారి బండి తుడిచేటప్పుడు ఆ గీత వంక చూస్తే చాలు. గీత రెండు ముక్కలై ఒకదానికొకటి తప్పి కనిపిస్తే ఆ నట్టు కదిలింది, మళ్లీ బిగించిన తరువాతే బండి తీయండి.